చెన్నైలో చదివే తెలుగు విద్యార్థులకు ఆరు శనివారాల తరగతి: ఏ వారం ఏం నేర్పాలి?

#1 కోడంబాక్కం_సమన్వయం

అందరికీ నమస్కారం. డిగ్రీ, పీజీ మొదటి ఏడాది తెలుగు విద్యార్థులు 36 మంది పేర్లిచ్చారు. సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. ల్యాప్‌టాప్‌లు 12 ఉన్నాయి, మిగతావాళ్ల చేతిలో ఫోన్లే. ఆరు శనివారాలు, ఒక్కోరోజు రెండు గంటలు. ప్రస్తుతానికి అనుకున్న వరస ఇదీ: ఒకటో వారం వర్డ్, రెండు ఎక్సెల్, మూడు పవర్‌పాయింట్, నాలుగు గూగుల్‌లో వెతకడం, ఐదు ఏఐ, ఆరు ప్రాజెక్ట్ రిపోర్ట్. మార్చాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పండి, కరపత్రం ఇంకా అచ్చుకివ్వలేదు.

#2 పుస్తకాల_అర

వరసే మార్చాలండి. వారానికో సాఫ్ట్‌వేర్ అంటే చివరికి పిల్లలకు ఆరు మెనూలు గుర్తుంటాయి, ఒక్క అసైన్‌మెంట్ రాయడం రాదు. మొదటి రోజే ఒక అసైన్‌మెంట్ చేతిలో పెట్టండి: 1,200 మాటలు, ఆరుకు తగ్గకుండా ఆధారాలు, ఒక పట్టిక, ఒక గ్రాఫ్. ఆరు వారాలూ దాని మీదే పని. వర్డ్, ఎక్సెల్ అవసరం పడిన చోట వస్తాయి.

అంశం అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే ఒకరి తప్పు ఇంకొకరికి పాఠం కాదు. ‘చెన్నై తాగునీరు, తెలుగు గంగ’ పెట్టి చూడండి, ఆంధ్ర మీదుగా చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే పథకం అది. కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయం దాకా కాలువ, రెండు రాష్ట్రాల కాగితాలు, రెండు భాషల పత్రికలు. ఒప్పందం 1983లో జరిగింది. ఏడాదికి 12 టీఎంసీలు: జులై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. కృష్ణా నీళ్లు పూండికి మొదట చేరింది 1996లో. ఈ నాలుగు ముక్కలకీ ఒక్కో గట్టి ఆధారం తెమ్మంటే చాలు, వెతకడమంటే ఏమిటో వాళ్లకే తెలుస్తుంది.

మొదటి గంటలో మాత్రం ఇది చేయించండి. 2018 జూన్‌లో వచ్చిన నీతి ఆయోగ్ నీటి నిర్వహణ సూచిక నివేదికలో ఒక వాక్యం ఉంది: బెంగళూరు, ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ సహా 21 నగరాల్లో 2020కల్లా భూగర్భ జలాలు అయిపోతాయని. 2019 ఎండాకాలంలో చెన్నై చెరువులు ఎండినప్పుడు ఆ వాక్యం ఊరూరా తిరిగింది. 2020 వచ్చింది, దాటిపోయింది, బోర్లు ఇంకా పోస్తూనే ఉన్నాయి. పిల్లలకు అప్పటి వార్త ఒకటి ఇచ్చి వెనక్కి నడవమనండి. వార్త ఎవరి మాట చెబుతోంది? ఆ మాట నివేదికలో ఏ పేజీలో ఉంది? ఆ పేజీలో ఫుట్‌నోట్ ఎవరిని చూపిస్తోంది? వాళ్లు నిజంగా అదే అన్నారా? ప్రతి మెట్టు దగ్గరా ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ మాటల్లో అన్నారు అని రాసుకోవాలి. ‘ఏటా ఇంకే నీటి కంటే తోడేది ఎక్కువ’ అన్నది ఒక కొలత. ‘నీళ్లు అయిపోతాయి’ అన్నది వేరే మాట. మొదటిది రెండోదిగా మారడానికి ఎక్కడ దారి పడిందో వేలు పెట్టి చూపించగలిగితే ఆ రోజు పాఠం వచ్చినట్టే. ‘నాకు ఈ మెట్టు దాటి దారి దొరకలేదు’ అని రాసినా పూర్తి మార్కులివ్వండి, అది కూడా పరిశోధన ఫలితమే.

#3 లెక్కల_పట్టిక

అర గారి మాటే నా మాట. తెలుగు గంగ ఎక్సెల్‌కు కూడా బాగా కుదురుతుంది. అయితే ఎక్సెల్ తెరవకముందు యూనిట్లు కాగితం మీద చేయించండి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. నగర సరఫరా లెక్కలు ఎంఎల్‌డీలో ఉంటాయి, అంటే రోజుకు పది లక్షల లీటర్లు. 12 టీఎంసీలను 365 రోజులకు పంచితే దాదాపు 930 ఎంఎల్‌డీ. ఒక సున్నా జారితే 93 వస్తుంది. అదీ నమ్మబుద్ధయ్యే అంకెలాగే కనిపిస్తుంది, గొడవంతా అక్కడే. అందుకని జవాబు వచ్చాక ఒకసారి వెనక్కి గుణించి చూడమనండి.

ఇక ఎక్సెల్‌లో నేర్పాల్సినవి ఫార్ములాల కంటే ముందు అది తనంతట తాను ఏం మార్చేస్తుందో. తేదీ సంగతి చూడండి. 03/04/2025 అని కొడితే కంప్యూటర్ సెట్టింగ్ అమెరికాది అయితే అది మార్చి 4. అదే కాలమ్‌లో 13/04/2025 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. కాలమ్‌లో కొన్ని తేదీలు కుడి అంచుకు, కొన్ని ఎడమ అంచుకు కనిపించాయంటే ఇదే జరిగిందని గుర్తు. ముందే 2025-04-03 పద్ధతిలో రాస్తే బాధ లేదు.

రోల్ నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 12 అంకెల నంబరు 1.23ఇ+11 లాగా కనిపిస్తుంది, అది చూపులో తేడానే, లోపల అంకెలు భద్రం. 16 అంకెలదైతే 15వ అంకె తర్వాత నిజంగానే సున్నా అయిపోతుంది, తిరిగి రాదు. కాలమ్‌ను ‘టెక్స్ట్’గా మార్చాకే నంబర్లు కొట్టాలి, కొట్టాక మారిస్తే లాభం లేదు. పెద్ద ప్రయోగశాలలే దీనితో విసిగిపోయాయి. కొన్ని మానవ జన్యువుల పేర్లను మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలనుకుని ఎక్సెల్ మార్చేస్తోందని 2020లో ఆ పేర్లనే మార్చుకున్నారు.

తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైలును (గడుల మధ్య కామాలు పెట్టి దాచిన పట్టిక) డబుల్ క్లిక్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి. అసలు డేటా ఒక షీట్‌లో ముట్టుకోకుండా ఉంచి, లెక్కలన్నీ రెండో షీట్‌లో చేయాలి. ఇది మొదటి రోజే అలవాటు చేయకపోతే తర్వాత మాన్పించడం కష్టం.

#4 పూండి_గట్టు

36 మందికి 12 అంటే ముగ్గురికొక ల్యాప్‌టాప్. కీబోర్డు ముందు మనిషి 20 నిమిషాలకోసారి మారాలి. తెలిసినవాళ్లు నోటితో చెప్పాలి తప్ప మౌస్ ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే ఆరు వారాలూ తెలిసినవాళ్లే నేర్చుకుంటారు.

ఫోన్లు ఉన్నవాళ్లకు గూగుల్ డాక్స్ చాలు, హెడింగ్ స్టైల్స్ అందులోనూ ఉన్నాయి. పుస్తకం పేజీలను మామూలు ఫొటోలు తీయకుండా డ్రైవ్ యాప్‌లోని స్కాన్‌తో తీయమనండి, నీడలు పోతాయి, పీడీఎఫ్ ఒక్కటే వస్తుంది. ప్రతి స్కాన్‌లో పుస్తకం టైటిల్ పేజీ, దాని వెనక పేజీ తప్పకుండా ఉండాలి. 47వ పేజీ ఫొటో ఉండి ఏ పుస్తకమో తెలియకపోతే అది ఆధారం కాదు.

#5 అడయారు_పాఠకురాలు

వెతకడం గురించి. ఇక్కడ చెన్నైకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. నగరం పేరు 1996లో మారింది. అంతకుముందు ఇంగ్లిష్‌లో రాసినవి దాదాపు అన్నీ ‘మద్రాస్’ పేరుతోనే ఉంటాయి. ‘చెన్నై’ అని మాత్రమే కొడితే ఒప్పందం నాటి కాగితాలు చాలావరకు రావు. కండలేరు, పూండి ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా రెండు మూడు రకాలుగా ఉన్నాయి. కాబట్టి వెతికే ముందు ఒక కాగితం మీద మూడు వరసలు గీయించండి: మొదటి వరసలో ఊరి పేర్లన్నీ, రెండో వరసలో విషయానికి ఉన్న పేర్లన్నీ, మూడో వరసలో ఏడాదులు. ఒక్కో వరస నుంచి ఒక్కోటి తీసుకుని కలిపి వెతకాలి. రెండు పేర్ల మధ్య పెద్దక్షరాల్లో ‘ఓఆర్’ పెడితే రెండూ వస్తాయి. మాటల వరస మారకూడదనుకుంటే డబుల్ కోట్స్. అక్కర్లేని మాట ముందు మైనస్, మధ్యలో ఖాళీ లేకుండా.

పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో మంచి వ్యాసం ఒకటి దొరికిందంటే దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కితే ఆ తర్వాత దాన్ని వాడుకున్నవాళ్లు కనిపిస్తారు. వ్యాసం చివర్లోని జాబితా వెనక్కి తీసుకెళ్తుంది, ‘సైటెడ్ బై’ ముందుకు తీసుకొస్తుంది. ఒక్క మంచి వ్యాసం నుంచి అటూ ఇటూ నడిస్తే చాలు, కొత్తగా వెతకాల్సిన పని సగం తగ్గుతుంది.

వ్యాసం తెరవడానికి జర్నల్ సైట్ డబ్బు అడిగితే ఏం చేయాలన్నది పిల్లల పెద్ద ప్రశ్న. జర్నల్స్ చందా కేంద్రమే కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నల్స్. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు. మన పిల్లల్లో చాలామంది ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీల్లో ఉన్నారు కాబట్టి ముందు వాళ్ల లైబ్రరీకి ఏముందో అడిగి తెలుసుకోవాలి. ఏమీ లేకపోతే స్కాలర్‌లో ‘ఆల్ వెర్షన్స్’ నొక్కాలి, రచయిత తన పేజీలో పెట్టిన ప్రతి అక్కడ కనిపించవచ్చు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే చట్టబద్ధంగా ఉచిత ప్రతి ఉన్నచోట ఆకుపచ్చ తాళం వెలుగుతుంది. అదీ లేకపోతే రచయితకు నాలుగు వాక్యాల ఈమెయిల్. చాలామంది పంపుతారు.

నడిచి వెళ్లే చోట్లు కూడా చూపించండి. ఎగ్మూరులోని కన్నెమరా 1896 నాటిది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, అంటే విజయవాడలో అచ్చయిన తెలుగు పుస్తకం కూడా. కోట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలోనే ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు అక్కడివే. తెలుగు ఎంఏ పిల్లలకు ఒక శనివారం అక్కడే తరగతి పెట్టినా తప్పులేదు.

#6 కోడంబాక్కం_సమన్వయం

ఇన్ని వివరాలిచ్చినందుకు చాలా సంతోషమండి. వరస మార్చేస్తున్నాను, తెలుగు గంగ ఖాయం. ఒక సందేహం. ‘10 శాతం దాకా కాపీ కొట్టొచ్చు, 14 మాటల దాకా పట్టుకోరు’ అని పిల్లలందరి నోటా ఉంది. దీనికి ఏం చెప్పాలి?

#7 ప్రూఫ్_చూపు

ఆ రెండంకెలూ గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో పెట్టిన నిబంధనల్లో ఉన్నవే, కానీ పిల్లలు తలకిందులుగా చదువుతున్నారు. 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదని ఉంది తప్ప హక్కు ఉందని లేదు. 10 దాటి 40 లోపైతే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ ఇచ్చే వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సుకు రిజిస్ట్రేషన్ రద్దు. ఇవి థీసిస్‌లకు, డిసర్టేషన్‌లకు చెప్పినవి. 14 మాటల సంగతి కూడా అంతే. అందరికీ తెలిసిన విషయాన్ని, యాదృచ్ఛికంగా కలిసిన మాటలను వరసగా 14 దాకా లెక్కలోంచి తీసేయమన్నారు. ఇంకొకరి ఆలోచనను 13 మాటల్లో ఎత్తుకోవచ్చని ఎక్కడా లేదు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతం జ్వరం కొలిచే గాజు గొట్టం లాంటిది, జబ్బు పేరు చెప్పదు. మొత్తం 8 శాతమే అయినా ఆ 8 ఒకే పుస్తకం నుంచి, పేరు చెప్పకుండా వచ్చిందంటే అది గ్రంథచౌర్యమే. 18 శాతం వచ్చినా అందులో ఎక్కువ భాగం సరైన కోట్స్‌లో ఉన్నవాక్యాలు, ప్రయోగ పద్ధతిలో అందరూ రాసే వాక్యాలు అయితే గైడ్ చూసి సర్దవచ్చు. అందుకని రిపోర్ట్ మొదటి పేజీలో అంకె చూసి మూసేయకుండా రంగు వేసిన ప్రతి ముక్కా తెరిచి చూడడం నేర్పాలి.

అసలు రోగం మాటలు మార్చి రాయడం. ఇది బోర్డు మీద చూపించండి. మూల వాక్యం ఇదనుకుందాం:

‘నగరంలో కురిసిన వాన నీరు నేలలోకి ఇంకే వేగం కంటే బోర్ల ద్వారా తోడే వేగం ఎక్కువైనందున భూగర్భ జలమట్టం క్రమంగా క్షీణించింది.’

పిల్లలు రాసేది: ‘పట్టణంలో పడిన వర్షపు నీరు భూమిలోకి ఇంకే వేగం కన్నా బోరుబావుల ద్వారా తోడే వేగం అధికమైనందువల్ల భూగర్భ నీటిమట్టం నెమ్మదిగా తగ్గింది.’ వాక్యం ఎముకలు అవే, చొక్కా మార్చారంతే. కింద పేరు రాసినా ఇది తప్పే, ఎందుకంటే వాక్యం తనదని చెప్పుకుంటున్నారు.

సరైనది: ‘బోర్లు తోడుకున్నంత నీరు నేలలోకి తిరిగి చేరలేదు, అందుకే మట్టం దిగుతూ వచ్చింది’ అని రాసి, పక్కనే రచయిత, ఏడాది, పేజీ.

దీనికి దారి ఒక్కటే. మూలం రెండుసార్లు చదవాలి. మూసేయాలి. పక్కవాళ్లకు నోటితో తెలుగులో చెప్పాలి. చెప్పింది రాసుకోవాలి. ఆ తర్వాతే మూలం తెరిచి అర్థం తప్పిందా, మాటలు అవే వచ్చాయా అని పోల్చాలి. ఇంగ్లిష్‌లో రాయాల్సిన అసైన్‌మెంట్ అయినా మధ్యలో తెలుగులో చెప్పే మెట్టు వదలొద్దు. తెలుగు మీడియం పిల్లలకు ఇది లోటు కాదు, బలం. మూల వాక్యం నోటి తెలుగులోంచి తిరిగొస్తే దాని ఇంగ్లిష్ వరస దానంతట అదే విరిగిపోతుంది.

#8 అడయారు_పాఠకురాలు

చూపు గారు చెప్పినదానికి ముందు ఇంకో మెట్టు ఉంది, చదవడం. ఇంగ్లిష్ వ్యాసం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి రెండో పేజీలో వదిలేస్తారు. సారాంశం, ఆ తర్వాత బొమ్మలు, పట్టికలు, వాటి కింది మాటలు, ఆ తర్వాత ముగింపు, ఆఖర్న ఉపోద్ఘాతం. ఇంత చదివాక ఇది మన అసైన్‌మెంట్‌కు పనికొస్తుందా లేదా అన్నది పది నిమిషాల్లో తేలాలి. తేలాకే మిగతాది.

కొన్ని మాటలు నిఘంటువు చూసినా దారి తప్పిస్తాయి, వాటిని విడిగా చెప్పండి. ‘లిటరేచర్ రివ్యూ’లో లిటరేచర్ అంటే సాహిత్యం కాదు, ఆ విషయం మీద ఇదివరకు జరిగిన పరిశోధన. గణాంకాల్లో ‘సిగ్నిఫికెంట్’ అంటే ముఖ్యమైనది అని కాదు, కాకతాళీయంగా ఇంత తేడా రావడం అరుదు అని. ‘సజెస్ట్స్’ అంటే సలహా ఇవ్వడం కాదు. ఫలితం అటువైపు మొగ్గుతోంది, రచయిత గట్టిగా అనడం లేదు. ‘షోస్’ అన్నచోట ఉన్న ధీమా ‘సజెస్ట్స్’లో లేదు. ‘ఈ ఫలితం సూచిస్తోంది’ అన్నదాన్ని ‘రుజువైంది’ అని రాస్తే పైన అర గారు చెప్పిన 21 నగరాల వాక్యంలాంటివే పుట్టుకొస్తాయి.

#9 తెలుగు_అచ్చు

తెలుగులో రాసే పిల్లల గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెబుతాను. ముందు యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత సంకేతం ఉండే పద్ధతి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన థీసిస్ కాగితం మీద అందంగానే ఉంటుంది, కానీ కంప్యూటర్‌కు అది తెలుగే కాదు, ఇంగ్లిష్ అక్షరాల మీద తెలుగు బొమ్మలు. దాంట్లో వెతకలేం. కాపీ చేసి వేరేచోట పెడితే చెత్త వస్తుంది. పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కూ అర్థం కాదు. పిల్లలు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వేళ్లకు అలవాటు కావడానికి రోజుకు అరగంట చొప్పున రెండు మూడు వారాలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ఫాంట్లకు కొదవ లేదు: మండలి, రామభద్ర, గిడుగు, సురవరం ఉచితంగా దొరుకుతాయి.

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చూడండి. ట్ తర్వాత, వే ముందు, కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. ఒకరు దాన్ని పెట్టి కొడతారు, ఇంకొకరు లేకుండా కొడతారు. ఒక పద్ధతిలో వెతికితే రెండో పద్ధతిలోది దొరక్కపోవచ్చు. తెలుగులో వెతుకుతూ ‘ఏమీ లేదు’ అని తేల్చేముందు రెండు రకాలుగానూ కొట్టి చూడాలి. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌లో తెలుగు థీసిస్‌లు చాలానే ఉన్నాయి. వాటిలో స్కాన్ చేసిన బొమ్మలున్నచోట లోపలి మాటలు వెతకలేం, అధ్యాయాల పేర్లు పట్టుకుని పేజీలు తిప్పాల్సిందే.

ఇక జోటెరో, చదివిన ఆధారాలను దాచి సూచి తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్. చాలా మంచి పనిముట్టు, ఉచితం, కానీ మన పేర్ల దగ్గర బోల్తా పడుతుంది. గురజాడ అప్పారావు అన్న పేరు ఇంగ్లిష్ కేటలాగు నుంచి వచ్చినప్పుడు చివరి మాట ఇంటిపేరనుకుని ‘రావు, గురజాడ అప్పా’ అని పెట్టేస్తుంది. ఇలా పది పుస్తకాలు చేరాయంటే ఉపయుక్త గ్రంథ సూచిలో సగం మంది ‘రావు’ కింద వరసగా నిలబడతారు. సేవ్ చేసిన ప్రతిసారీ కుడివైపు పేర్ల గడి చూడాలి. పేరు పక్కన చిన్న గుర్తు నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి, అందులో ‘గురజాడ అప్పారావు’ అని పూర్తిగా రాసేయవచ్చు. తెలుగు శాఖల్లో ‘అప్పారావు, గురజాడ’ అని రాసే ఆనవాయితీ కూడా ఉంది, అదే కావాలంటే రెండు గడులూ ఉంచి అలా నింపుకోవాలి. ఏది కావాలో గైడ్‌ను ముందే అడిగి, మొదటి నుంచి చివరిదాకా ఒకటే పాటించాలి. తమిళుల పేర్లలో ముందున్న పొడి అక్షరం సాధారణంగా తండ్రి పేరుది, ఇంటిపేరు కాదు. అక్కడ మనిషి పేరే ఇంటిపేరు గడిలో పెట్టాలి.

#10 పూండి_గట్టు

ఏఐకి మొత్తం ఒక వారం ఇవ్వడం నాకు నచ్చలేదు. మొదటి ఏడాది పిల్లలకు అసలు వద్దనండి. రాయడం రాకముందే రాసిపెట్టే యంత్రం చేతికిస్తే ఇక రాదు.

#11 పుస్తకాల_అర

గట్టు గారూ, మీ భయం సరైనదే. కానీ వద్దన్నా వాళ్ల ఫోన్లలో అది ఉంది. వారం అక్కర్లేదు, 40 నిమిషాలు చాలు. ఇలా: తెలుగు గంగ మీద ఐదు వ్యాసాల పేర్లు, రచయితలు, డీఓఐలతో (ఒక్కో వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇవ్వమని ఏఐని అడిగించండి. వచ్చిన ప్రతి డీఓఐని డీఓఐ డాట్ ఓఆర్‌జీ పెట్టెలో వేయించండి. డీఓఐ 10తో మొదలవుతుంది, కాబట్టి పైకి అన్నీ నిజమైనవిగానే కనిపిస్తాయి. కొన్ని ఎక్కడికీ తీసుకెళ్లవు. కొన్ని వేరే ఏదో వ్యాసానికి తీసుకెళ్తాయి. ఇంకొన్నిసార్లు రచయిత నిజం, జర్నల్ నిజం, ఆ వ్యాసం మాత్రం పుట్టనేలేదు. మాట వెనక మాట ఏది రావచ్చో ఊహించి అల్లే యంత్రం కాబట్టి ఇలా జరుగుతుంది, అబద్ధమాడాలని కాదు. కళ్లారా చూసిన పిల్లలు ఆ తర్వాత తనిఖీ చేయకుండా ఒక్క రిఫరెన్సూ పెట్టరు.

పనికొచ్చే వాడుకలూ చూపించాలి. తాను రాసిన పేరా ఇచ్చి ‘ఇందులో ఆధారం లేని వాక్యాలు ఏవి’ అని అడగవచ్చు. కఠినమైన పేరాను తెలుగులో వివరించమని అడిగి, మూలంతో పోల్చుకోవచ్చు. ఏ పనికి వాడారో చివర్లో రెండు వాక్యాల్లో రాయాలి, అదీ వాళ్ల కాలేజీ ఒప్పుకుంటేనే.

టీచర్లకు కూడా ఒక మాట. ‘ఇది ఏఐ రాసింది’ అని చెప్పే సాఫ్ట్‌వేర్‌ను నమ్మి మార్కులు కోయొద్దు. ఓపెన్‌ఏఐ తన సొంత గుర్తింపు సాధనాన్నే సరిగ్గా చెప్పలేకపోతోందని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు సాధనాలకు ఇస్తే, మనుషులు రాసినవాటిలో సగటున 61 శాతాన్ని యంత్రం రాసిందన్నాయి. సాదా మాటలతో, చిన్న వాక్యాలతో రాసే మన పిల్లలే ముందు దొరికిపోతారు. అనుమానం వస్తే పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడండి. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే వ్యాసం రోజురోజుకూ ఎలా పెరిగిందో కనిపిస్తుంది. పిల్లలకు అదే రక్షణ, అందుకే మొదటి రోజు నుంచి ఒకే ఫైల్‌లో రాయమనండి.

#12 పూండి_గట్టు

డీఓఐ అభ్యాసం బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే మూడో వారం తర్వాతే పెట్టండి. చేత్తో ఆరు ఆధారాలు వెతికి తెచ్చాక చూస్తేనే తేడా తెలుస్తుంది.

#13 లెక్కల_పట్టిక

వర్డ్‌కు ఒక గంట కేటాయిస్తే అందులో రెండే నేర్పండి. ఒకటి హెడింగ్ స్టైల్స్. అధ్యాయం పేరును బోల్డ్ చేసి సైజు పెంచితే అది మన కంటికే హెడింగ్, వర్డ్‌కు కాదు. హోమ్ ట్యాబ్‌లో ‘హెడింగ్ 1’ నొక్కితేనే, ఆ తర్వాత రిఫరెన్సెస్ ట్యాబ్‌లో ‘టేబుల్ ఆఫ్ కంటెంట్స్’ ఎంచుకున్నప్పుడు విషయసూచిక తనంతట తాను తయారవుతుంది. తర్వాత పేజీలు మారితే సూచిక మీద క్లిక్ చేసి ఎఫ్9.

రెండోది పేజీ నంబర్లు. ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1. ప్రింటు షాపుల దగ్గర పిల్లలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి అధ్యాయం ముందు కర్సర్ పెట్టి, లేఅవుట్‌లో బ్రేక్స్, అందులో ‘సెక్షన్ బ్రేక్, నెక్స్ట్ పేజ్’. ఆ అధ్యాయం ఫుటర్ మీద డబుల్ క్లిక్ చేసి ముందుగా ‘లింక్ టు ప్రీవియస్’ ఆపేయాలి. ఆ తర్వాతే నంబర్ల ఫార్మాట్ మార్చి 1 నుంచి మొదలుపెట్టాలి. లింక్ ఆపకుండా ఒకచోట నంబరు తీసేస్తే రెండోచోటా పోతుంది.

ఫైల్ పేర్లు కూడా చెప్పేయండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ వద్దు. ముందు తేదీ, ఏడాదితో మొదలుపెట్టి: 2025-08-16, ఆ తర్వాత పేరు. ఫోల్డర్‌లో వరస తప్పదు. మూడు ప్రతులుండాలి, అందులో ఒకటి ఆ గదిలో కాకుండా వేరేచోట.

#14 ప్రూఫ్_చూపు

పీజీ పిల్లలకు జర్నల్స్ గురించి పావుగంట. ‘మూడు రోజుల్లో అచ్చు, రుసుము 1,500’ అని వాట్సాప్‌లో వచ్చేవన్నీ వద్దు. యూజీసీ కేర్ జాబితాలో (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) ఉందని ఇప్పటికీ ప్రచారం చేసుకుంటున్నవి ఉన్నాయి. ఆ జాబితానే 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆపేసింది. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉండడం నాణ్యతకు గుర్తు కాదు, అది వరస నంబరు మాత్రమే. జర్నల్ పాత సంచికలు రెండు తెరిచి చదివితే, సంపాదకవర్గంలోని ఇద్దరి పేర్లు వాళ్ల యూనివర్సిటీ సైట్‌లో వెతికితే చాలావరకు తేలిపోతుంది. ప్రచురించాక వెనక్కి తీసుకున్న వ్యాసాలుంటే జోటెరో ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికను మూసేయకుండా చదవాలి.

స్కాలర్‌షిప్ పేరుతో వచ్చే లింకుల గురించి కూడా ఐదు నిమిషాలు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఈమెయిల్‌కు రెండంచెల భద్రత పెట్టించండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

#15 కోడంబాక్కం_సమన్వయం

కొత్త వరస రాసుకున్నాను, రేపు ఇక్కడే పెడతాను. ఆఖరిది: ఆరో వారం పరీక్ష ఎలా పెట్టాలి? బహుళైచ్ఛిక ప్రశ్నలు వద్దనుకుంటున్నాను.

#16 పుస్తకాల_అర

వద్దేవద్దు. తెలుగు గంగ మీద ఒక పేజీ మీరే రాసి, అందులో ఐదు తప్పులు దాచండి. తేదీ తప్పిన ఒప్పందం ఒకటి. సున్నా జారిన టీఎంసీ లెక్క ఒకటి. తెరిస్తే వేరే వ్యాసానికి వెళ్లే డీఓఐ ఒకటి. మూల వాక్యానికి చొక్కా మార్చిన వాక్యం ఒకటి, మూలంతో సహా ఇవ్వండి. మూలంలో ‘సూచిస్తోంది’ అని ఉంటే ‘రుజువైంది’ అని రాసిన వాక్యం ఒకటి. 60 నిమిషాలు, ఇంటర్నెట్ ఉండాలి, ఇద్దరిద్దరుగా కూర్చోవాలి. తప్పు పట్టినందుకు ఒక మార్కు, సరైనది ఏ పేజీలో ఉందో చూపినందుకు మూడు. తప్పులు ఎన్నున్నాయో మాత్రం ముందు చెప్పకండి, చెబితే ఐదు దొరగ్గానే చదవడం ఆపేస్తారు.

#17 తెలుగు_అచ్చు

ఆ పేజీ తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి చేయండి. తెలుగు ప్రతి నేను కొట్టిస్తాను, యూనికోడ్‌లో. ఆరో తప్పుగా సూచిలో ‘రావు, గురజాడ అప్పా’ పెట్టేస్తున్నాను.